గంటా యాభై రెండు నిమిషాలు

అంకమ్మరావు ఆ మిషన్ని నమ్మడం మానేసి పద్నాలుగు నెలలైంది.

మాచర్ల నాపరాళ్ళ క్వారీల్లో పాతికేళ్ళు పలకలు తీసిన మనిషి. సుత్తితో రాతిని నాలుగుచోట్ల తట్టి, చెవి పెట్టి విని, "ఇక్కడ కొట్టండ్రా" అన్నాడంటే పలక అక్కడే విడిపోవాల్సిందే. ఆ రాతిదుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుని, యాభై నిండకుండానే ఆయన్ని మంచానికి కట్టేసింది. క్వారీ యజమాని శాలువా కప్పి పంపించాడు, శాలువాతో ఊపిరాడుతుందన్నట్టు.

గాల్లోంచి ఆక్సిజన్ లాగి ముక్కుగొట్టాల్లోకి పంపే ఆ మిషన్ చేతిసంచీ అంత ఉంటుంది. బ్యాటరీ మీద మూడు గంటలు నడుస్తుందన్నాడు అమ్మినవాడు. ఇంకా ఎంతసేపు నడుస్తుందో దాని తెర మీద అంకె పడుతుంది. ఆ అంకెని నమ్మి గురజాల పోయి తిరిగొస్తుంటే, ఇంకా గంటా అయిదు నిమిషాలుందని చూపిస్తూ చూపిస్తూనే నడిదారిలో టక్కున ఆగిపోయింది. బావమరిది కోటిబాబు ఆటోని ఆస్పత్రి గుమ్మందాకా తోలేసరికి అంకమ్మరావు పెదాలు నేరేడుపండ్లలా ఉన్నాయి.

ఆనాటి నుంచి ఆయన గడప దాటలేదు. మిషన్ని గోడ ప్లగ్గుకి తగిలించి, పక్కనే కూర్చునేవాడు. కరెంటు పోతే బ్యాటరీ మీద నడిచేది, రాగానే మళ్ళీ చార్జి ఎక్కేది. భార్య పోలేరమ్మ కూడా ఎక్కడికీ పోలేదు. ఆయన్ని ఒంటరిగా ఎట్లా వదిలేది?

ఆగస్టులో సాగర్ డ్యాం గేట్లెత్తారు.

"ఊరు ఊరంతా పోయి చూసొస్తంది," అంది పోలేరమ్మ, చేటలో బియ్యం ఏరుతూ.

"నువ్వూ పో. వచ్చేసరికి నేనుంటే చెబుదువుగాని."

"నీ నోరు పడిపోను! ఏదో అన్నాలే." ఆమె మళ్ళీ బియ్యంలోకి తల వంచింది. ఆ ఏడాది మొత్తంలో ఆమె నోటినుంచి వచ్చిన కోరిక అదొక్కటే. ఆయనకది తెలుసు. తెలిసే, మండిపడ్డాడు.

మర్నాడు కోటిబాబు హమీదాని వెంటబెట్టుకొచ్చాడు. బస్టాండు దగ్గర ఇన్వర్టర్ల కొట్టు మహమూద్ కూతురు. ఇప్పుడా కొట్టు ఆమే చూస్తోంది. మిషన్ని అటూ ఇటూ తిప్పింది.

"అన్నా, దీన్ని ఎప్పుడన్నా పూర్తిగా దిగనిచ్చావా?"

"దిగితే నేను పైకి పోతా గదమ్మా."

"అదే తప్పు. దీంట్లో చిన్న చిప్పుంటది. బ్యాటరీలోకి ఎంతొచ్చింది, ఎంత పోయిందని అది చూసుకుంటా ఉంటది. నువ్వేమో కొంచెం తగ్గంగానే ప్లగ్గు పెడతన్నావు. అడుగెక్కడుందో అది ఏనాడూ చూళ్ళా. బ్యాటరీ ముసలిదయిందని దానికి తెలవదు. కొత్తనాటి మాటే ఇంకా చెప్తంది."

"అబద్ధాలకోరుది."

"కాదన్నా. చూడందాన్ని ఎట్లా చెప్పిద్ది?"

చేయాల్సింది చెప్పింది. నిండా చార్జి ఎక్కించి, రెండు గంటలు ముట్టుకోకుండా ఉంచాలి. తర్వాత ఆగిపోయేదాకా నడపాలి. అయిదు గంటలు అట్లాగే వదిలేసి, మధ్యలో తీయకుండా మళ్ళీ నిండా ఎక్కించాలి.

"మధ్యలో ఆ విశ్రాంతి దేనికి?" అన్నాడు కోటిబాబు.

"పరిగెత్తొచ్చినోడి నాడి పడితే ఏం తెలిసిద్ది? కాసేపు కూర్చోనియ్యాలి."

కోటిబాబు అద్దెకి తెచ్చిన పెద్ద ఆక్సిజన్ సిలిండరు గొట్టం ముక్కుకి పెట్టుకుని, అంకమ్మరావు తన మిషన్ చచ్చిపోవడాన్ని కళ్ళారా చూశాడు. గంటా అయిదు నిమిషాలు మిగిలుందని చెబుతూనే ఆగింది. గురజాల దారిలో ఆగినట్టే.

రెండోరోజు నిండా చార్జి ఎక్కించి ఆన్ చేస్తే తెర మీద పడింది: 1:52.

"ఓసోస్! గంట కోసేసింది! బాగుచెయ్యమంటే ఉన్నది ఊడగొట్టిందిరా ఈ అమ్మాయి!" అన్నాడు అంకమ్మరావు కోటిబాబుతో.

ఎట్లా ఉందో చూద్దామని వచ్చిన హమీదా మిషన్ పక్కనున్న మీట చూపించింది. "ఉన్నదే ఇంతన్నా. ఈ గాలి మీట రెండులో ఉంటే ఇది. మూడులో పెడితే గాలి ఎక్కువ లాగిద్ది, అప్పటికప్పుడే అంకె తగ్గించి చూపిచ్చిద్ది."

ఆయన ఆ అంకెకేసి చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళలో క్వారీ వాళ్ళు, డాక్టర్లు, మిషన్ అమ్మినవాడు, అందరూ ఉన్నదానికన్నా ఎక్కువే చెప్పారు. తక్కువ చెప్పింది ఇదొక్కటే.

"ఏమే," అన్నాడు పోలేరమ్మతో, "చీర మార్చుకో."

ప్లగ్గు తీసి బయల్దేరితే, సాగర్ చేరేసరికి తెర మీద 1:10. కోటిబాబు ఆటోని రోడ్డు వారగా ఆపాడు. గేట్లలోంచి దూకిన కృష్ణ కిందపడి, తెల్లగా లేచి, పొగలా వచ్చి ముఖాల మీద పడుతోంది. కాళ్ళకింద నేల సన్నగా అదురుతోంది. పోలేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. పదినిమిషాలు అట్లాగే చూశారు.

ఇంకొంచెం ముందుకెళ్దామని ఆమె చెయ్యి పట్టుకు లాగింది. నాలుగడుగులకే ఆయనకు ఆయాసం పొంగింది. మీట మూడుకి తిప్పాడు. సరిగ్గా గంట ఉన్న అంకె చూస్తుండగానే 0:40 అయింది.

అయిదు నిమిషాలు రెయిలింగు పట్టుకుని నిలబడి, ఊపిరి కుదురుకున్నాక మీటను మళ్ళీ రెండుకి తిప్పాడు. 0:52.

తాను నడిచాడని దానికి తెలిసింది. నిలబడ్డాడనీ తెలిసింది. చేతిసంచీ అంత ప్లాస్టిక్కు పెట్టెలో ఏదో కూర్చుని, తన ఒక్కొక్క ఊపిరినీ చెవి పెట్టి వింటోంది, తను రాతిని విన్నట్టు. ఎదురుగా అంత కృష్ణ దూకుతుంటే, ఆయన కళ్ళు ఆ అంకె మీదే ఉన్నాయి.

తిరుగుదారిలో కార్లు అడ్డంపడి ఆటో కదల్లేదు. ఆరు నిమిషాలు పోయాయి. 0:46.

"బావా, ఆస్పత్రికి పోనియ్యమంటావా?" అన్నాడు కోటిబాబు.

"ఎంతసేపట్లో ఇంటికి చేర్చగలవు?"

"దారి దొరికితే నలభై రెండు."

"అయితే ఇంటికే పోనీ."

ఇంటి ముందు ఆటో ఆగి, ఆయన మంచమ్మీద కూర్చునేటప్పటికి అంకె నాలుగు. పోలేరమ్మ ప్లగ్గు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఆగవే. చూడనీ."

"పిచ్చి గాని పట్టిందా ఏందయ్యా!"

సిలిండరు గొట్టం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మూడు. రెండు. కోటిబాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఒకటి. ఆ నిమిషం ఎంత పొడుగో! సున్నా పడింది, మిషన్ సన్నగా కూసింది, ఆగింది.

అంకమ్మరావు సిలిండరు గొట్టం ముక్కుకి పెట్టుకుని, మిషన్ మీద అరచెయ్యి వేశాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"చాల్లే, ఇకనన్నా ప్లగ్గు పెట్టనియ్యి," అంది పోలేరమ్మ.

"అప్పుడే వద్దు," అన్నాడాయన. "సాగర్ దాకా పోయొచ్చింది. కాసేపు కూర్చోనీ."