కరడికొండ దొననీరు

వైశాఖమధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తములైన నల్లగుండ్లు పొయ్యిమీది పెనములవలె కాగుచుండ, తొండలు సైతము బండసందులలో తలదాచుకొన్న వేళ, కరడికొండ దుర్గమార్గమున నిద్దరు స్త్రీలు మెల్లమెల్లగా నెక్కుచుండిరి. ముందు నడచునది జినమతి. చిన్నకడవ చంకనిడుకొని వెనుక వచ్చునది తొలిచూలు మోయుచున్న యామె కోడలు సుగుణ.

పూర్వమా కోట నేలిన ప్రభువు, తన దేవునికి మ్రొక్కనొల్లని జైనులను ధాన్యపుగొట్టున బంధించి, మతము విడిచినవారికే నీరని చాటించి, దప్పికతో చంపించెను. నాటినుండి యా మృతుల వంశమైన జినమతి యింట కోడలు గర్భవతియైనపుడు, దిగువనుండి వడకట్టిన నీరు తెచ్చి యా కొట్టుగడపపై పోసి, కులము నిలిచినదని పెద్దలకు విన్నవించుట యాచారము. కోటలోని దొనల, అనగా వాననీరు నిలిచెడి రాతిగుంటల, నీరు మాత్రము చుక్కయైన ముట్టరు.

కడపటి వాకిట సుగుణ కాలుజారెను. కడవ భళ్లున పగిలెను. గోడ కానుకొని కూలబడిన కోడలి పెదవులు తెల్లబారి కనులు మూతలుపడుచుండ, జినమతి చెంగుతో విసరసాగెను.

అంతలో కోటకావలివాని భార్య హనుమక్క చెంబుతో పరుగెత్తివచ్చెను.

"తాపించు తల్లీ, పిల్ల సొమ్మసిల్లుతాంది!"

"ఈ కోట నీళ్లా? మావాళ్లు గొంతెండి సచ్చిందీడనే. ఆ కొట్టు తలుపుకు గడియ బెట్టిందెవరో ఎరగవా?"

"ఎరక్కేం? మా ఆయన తాతముత్తాతలే. అందుకే మా యింట్లో వడకట్టని నీళ్లు కడవలో పొయ్యరు. మా అత్త నేర్పింది, ఆమెకు వాళ్లత్త. మీవాళ్లెవరన్నా దప్పికంటారేమోనని! ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు."

జినమతి నమ్మలేకపోయెను. నీటిని వడకట్టుట యెవరైన నేర్తురు. ఆ పిమ్మటి పని తమవారికే యెరుక.

"గుడ్డలో నిలిచిన పురుగుల నేంజేస్తావు?"

"తెచ్చిన దొనలోనే జాడిస్తా. బతికేటివి బతకనీ."

పురుగులను పుట్టిన నీటికే చేర్చుట తమయింటి యాచారమే. జినమతి చెంబందుకొని, కోడలి శిరమును తన తొడపై జేర్చుకొని, గుక్కగుక్కగా త్రావించెను. కొంతసేపటికి సుగుణ కనులు విప్పి, "తియ్యగుండాయత్తా" యనెను.

"ఉండవా మరి! మీ అత్త పరీక్ష ముగిసేతలికి నీ ప్రాణం పోయుండేది" అని హనుమక్క దెప్పిపొడువ, జినమతికి కన్నీటితోపాటు నవ్వును వచ్చెను. చెంబడుగున మిగిలిన నీటిని తాను రెండు గుక్కలు త్రావెను.

పిదప హనుమక్క దొననుండి పెద్దకడవెడు నీరు వడకట్టి తెచ్చెను. జినమతి యొకవైపు, హనుమక్క యొకవైపు పట్టగా, సుగుణ యా కడవను కొట్టుగడపపై వంచెను. దిగువనుండి మోసితెచ్చిన కొలదినీరు ప్రతిమారు నా కాగిన రాతిపైననే యింకిపోయెడిది. నేటి నీరు గడపదాటి, శతాబ్దముల చీకటిలోనికి గలగలమని నడచిపోయెను.