మొలిచిన పైపులు

ఊబిని మళ్ళీ తడిపే పథకం ఆఫీసులో పై అధికారిని, ఎప్పుడూ ఫొటోల ధ్యాసే కాబట్టి, అందరూ ఫొటోల సారు అంటారు. ఆయన బల్ల మీద కాగితం పెట్టి, పెన్ను మూత తీసి మరీ అందించాడు.

"చదవక్కర్లేదమ్మా, అన్నీ మీరు కొలిచినవే. సంతకం పడేస్తే సోమవారం తనిఖీకొచ్చే పెద్దమేడమ్‌కి చూపిస్తాం."

కొలతమ్మ చదివింది. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆమెకు లేదు. ఊబిలో పన్నెండు చోట్ల దిగేసిన పైపుల దగ్గరికి ప్రతి గురువారం వెళ్ళి, లోపల నీళ్ళు నేలకి ఎంత కిందున్నాయో కొలిచి పుస్తకంలో రాయడం ఆరేళ్ళుగా ఆమె పని. ఆ పేరు అలా వచ్చిందే. కాగితంలో ఉన్నది రెండే ముక్కలు. నేల తడిసింది, వేల టన్నుల వాయువు గాలిలో కలవకుండా ఆగింది. కాబట్టి పెద్దకాలువ మీద కట్టాల్సిన ఆఖరి అడ్డుకట్ట ఇక అవసరం లేదు.

"ఆ కట్ట మానేస్తారా సార్?"

"తడిసినదాన్ని మళ్ళీ తడపడం దేనికమ్మా?"

"ఇంటికి తీసుకెళ్ళి, రేపు తెస్తాను" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ నేలను ఆఫీసులో పీట్ అంటారు, ఇళ్ళల్లో ఊబి అంటారు. చచ్చిన మొక్కలు నీళ్ళలో పూర్తిగా కుళ్ళలేక వేల ఏళ్ళుగా పొర మీద పొర పేరుకుంటే అయిన నల్లనేల. మునిగి ఉన్నంతకాలం అది తనలోని కర్బనాన్ని కడుపులో దాచుకుంటుంది. కాలువ తవ్వి నీళ్ళు లాగేస్తే గాలి తగిలి కుళ్ళడం మొదలుపెడుతుంది, కంటికి కనపడని వాయువు పైకి పోతూనే ఉంటుంది. అందుకే కాలువలకు అడ్డుకట్టలు కట్టి దాన్ని మళ్ళీ తడుపుతున్నారు. మరీ ఎండితే లోలోపల అంటుకుంటుంది. పైన మంట ఉండదు, పొగ మాత్రం గడప దాటి, తలుపు సందుల్లో కుక్కిన తడిగుడ్డలు దాటి మంచం దాకా వస్తుంది. పోయిన ఎండాకాలం నలభై రోజులు అలా కాలింది. ఆ నలభై రోజుల్లో ఆమె మామగారి ఊపిరి సగమైంది. ఇంకో ఏడాది అలాంటి పొగ వస్తే ఆయన తట్టుకోలేడని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి మామగారు కిటికీ పక్కన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భర్త లారీ మీద వెళితే మూడు వారాలకు గాని రాడు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

"ఊబి తడిసిందట మామయ్యా."

"ఎక్కడ తడిసింది?"

"పైపుల్లో."

"పైపుల్లో తడిస్తే పైపులకి జలుబు చేస్తుంది. నేల సంగతి చెప్పు. నిన్న మెల్లగా అటు నడిచాను. చేతికర్ర గుచ్చితే దుమ్ము లేచింది."

"మీ చేతికర్ర కంటే నా కొలబద్ద నయం. ఆరేళ్ళు కొలిచాను."

"ఆ పెద్దకాలువ నేను తవ్వాను కోడలా. అది నీళ్ళెలా తాగుతుందో నాకు చెప్పకు."

ఆమెకు ఒళ్ళు మండింది. "తవ్విన ఘనత చాలలేదా, ఇప్పుడు ఈ సలహా కూడానా? మీరు తవ్వకపోతే ఈ పొగే లేదుగా" అనేసింది.

ఆయనకు దగ్గు వచ్చింది. అది ఎంతకీ తెగలేదు. ఆమె గోరువెచ్చని నీళ్ళు తెచ్చి వీపు రాసింది గాని క్షమించమని అడగలేదు. కోపం అప్పటికీ చల్లారలేదు.

మర్నాడు పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ముసలాయన మాట తప్పని రుజువు చేద్దామనే ఊబికి బయల్దేరింది. ఏడో పైపు దగ్గర ఆగింది. లోపలికి కొలబద్ద దించి, పైపు నేలకి ఎంత ఎత్తున ఉందో కొలిచి ఆ ఎత్తును అందులోంచి తీసేసింది. నీళ్ళు నేలకి పన్నెండు సెంటీమీటర్ల కింద. ఇరవై లోపుంటే తడినేల కిందే లెక్క. చూశారా మామయ్యా, అనుకుంది.

ఊరికే ఉండలేక పది అడుగులు పక్కకి వెళ్ళి, నాచు మీద మోకాళ్ళూని చెయ్యి లోపలికి దూర్చింది. లోపలి మట్టి నశ్యంలా పొడిపొడిగా ఉంది. మోచేతి దాకా దూర్చినా చేతికి తడి తగల్లేదు.

లేచి వెనక్కి తిరిగి చూసింది. ఆరేళ్ళలో ఆమె అంత దూరం నుంచి ఆ పైపును ఎప్పుడూ చూడలేదు. పైపు ఒక పెద్ద పళ్ళెం లాంటి గుంటలో నిలబడి ఉంది. గుంట నిండా అడుగుల గుర్తులు, అన్నీ ఒకే కొలతవి, మడమ దగ్గర అరిగిన ఎడమ బూటుతో సహా.

అవన్నీ ఆమెవే.

మొదట్లో ఆ పైపు నేలకి ముప్పై సెంటీమీటర్లు పైకి ఉండేది. ఇప్పుడు అరవై ఒకటి. "పైపులు మొలుస్తున్నాయి సార్" అని ఆమే ఓసారి నవ్వుతూ చెప్పింది. "నేల కాస్త అణుగుతుందమ్మా, మామూలే. కొత్త ఎత్తు వేసుకోండి" అన్నాడు ఫొటోల సారు. నేర్పినట్టే ప్రతివారం కొత్త ఎత్తు వేసుకుంది. అణిగింది ఆమె నిలబడిన చోటు మాత్రమే. ఆమె కొలిచింది ఊబిని కాదు, తన కాలి గుంటని.

మొదటి ఏడాది పైపుకొక చెక్క పలక ఇచ్చారు, నేలని తొక్కకుండా దాని మీద నిలబడి కొలవమని. రెండో ఏడాది ఫొటోల సారు ఆ పలకలన్నీ పీకించి, వచ్చేపోయేవాళ్ళ బూట్లు తడవకుండా వాటితో రోడ్డు నుంచి బాట వేయించాడు. ఫొటోలు బాగా వస్తాయన్నాడు. ఆమె సరేనంది. దేవుడా, ఇంత మెత్తని నేలని చేసి, దాన్ని మా బూట్ల కింద ఎందుకు పెట్టావు?

మిగతా పైపులు కూడా గుంటల్లోనే ఉన్నాయని చూసుకుని, అటునుంచి అటే ఆఫీసుకి వెళ్ళింది. ఫొటోల సారు విన్నాడు, నీళ్ళు తాగాడు.

"పన్నెండూ అంతేనా?"

"అంతే."

"అయితే ఆరేళ్ళ లెక్కా తప్పన్నమాట. రాసిందెవరు?"

"నేనే."

"మరి ఎవరి మీదికొచ్చారమ్మా దెబ్బలాటకి?" అని నవ్వాడు. "సోమవారం దాటనివ్వండి. వచ్చే ఏడు నిదానంగా సరిచేసుకుందాం."

"వచ్చే ఏడు దాకా మా మామయ్యని ఊపిరి బిగబట్టుకోమంటారా?"

"ఇంటి విషయాలు ఆఫీసులోకి తేకూడదు."

"పొగ మా ఇంట్లోకి మిమ్మల్ని అడిగే వచ్చిందా?"

సంతకం లేని కాగితాన్ని బల్ల మీద పడేసి వచ్చేసింది.

సోమవారం పెద్దమేడమ్ వచ్చింది. పొట్టి జుట్టు, మోకాళ్ళ దాకా బూట్లు, తక్కువ మాటలు. ఫొటోల సారు ఆమెను పలకల బాట మీద ఏడో పైపు దాకా నడిపించుకొచ్చాడు. అక్కడ కొలతమ్మ మామగారి గునపంతో బాట చివరి పలకను ఊడబెరుకుతూ కనిపించింది.

"ఏం చేస్తున్నారమ్మా మీరు?"

"నా పలక నేను తీసుకుంటున్నాను."

ఊడిన పలకను ఈడ్చుకెళ్ళి, రెండు కొసలూ ఎవరూ తొక్కని నేల మీద ఆనేలా గుంటకు అడ్డంగా, పైపుకి తగిలించి పరిచింది. పలకకీ గుంట అడుగుకీ మధ్య మూరకి తక్కువ ఖాళీ ఉంది. కొలబద్ద పెద్దమేడమ్ చేతికిచ్చింది.

"అసలు నేల ఈ పలక ఎత్తున ఉండేదండీ. నీళ్ళు దీనికి ఎంత కిందున్నాయో మీరే చూడండి. నా చేతిని నేనే నమ్మడం లేదు."

"ఆవిడకి ఒంట్లో బాగాలేదు మేడమ్" అన్నాడు ఫొటోల సారు.

"నా ఒంటికేం, దుక్కలా ఉన్నాను. ఎండిపోయింది ఊబి."

పెద్దమేడమ్ వంగి కొలిచింది. మళ్ళీ కొలిచింది. "నలభై మూడు" అంది. గుంటలోని అడుగులు చూసింది. తర్వాత కొలతమ్మ బూట్ల వైపు చూసింది. "ఆరేళ్ళూ ఇలాగే రాశారా?"

"రాశాను. పలకలు పీకించింది ఈయన, నోరు మూసుకున్నది నేను. నన్ను తీసేస్తే తీసేయండి. కట్ట మాత్రం తీసేయకండి."

ఫొటోల సారు ఏదో అనబోయాడు. పెద్దమేడమ్ చెయ్యెత్తి ఆపింది. మిగతా పదకొండూ చూడాలంది. ప్రతి పైపు దగ్గరా కొలతమ్మే ఆ పలకను మోసింది. ఒక్కచోట కూడా ముప్పై ఐదుకి తగ్గలేదు. పెద్దమేడమ్ ఫొటోల సారు చేతిలోని సంతకం లేని కాగితం తీసుకుని, అడ్డంగా గీత కొట్టి, ఎండలు ముదరకముందే ఆఖరి కట్ట కట్టాలని దాని మీదే రాసి సంతకం పెట్టింది. కొలతమ్మ ఉద్యోగం గురించి ఒక్క మాటా అనలేదు. కొలతమ్మ కూడా అడగలేదు. గునపం భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి, దుమ్ము నిండిన బూట్లు విప్పి, పెరట్లో పంపు కింద కాళ్ళు పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి నల్లమట్టి కరిగి పోతోంది. ఆ పాదాలను చూస్తే ఇంకా కోపంగానే ఉంది.

"కడతారా?" అన్నాడు మామగారు లోపల్నుంచి.

"కడతారట."

"నా కాలువ మీదే?"

"మీ కాలువ మీదే."

ఆయన గరగరమని ఊపిరి తీసుకున్నాడు.

"వంపు తిరిగే చోట కట్టమను. అక్కడ అడుగున బంకమన్ను తగిలింది, మా గునపాలు దిగలేదు. మిగతా చోట్ల కింద నుంచి కారిపోతుంది."

ఆమె పంపు కట్టేసింది. "రేపు వచ్చి మీరే చూపించండి. కుర్చీ వేయిస్తాను" అంది. ఆ గొడవ తర్వాత ఆయనతో అంత నెమ్మదిగా మాట్లాడటం అదే మొదలు. "కుర్చీ కింద పలక కూడా వేస్తాను."