ఆరో గుండు

బుచ్చన్నకు చెవులు వినపడవన్న సంగతి సెంటినరీ కాలనీలో అందరికీ తెలుసు. ఆ చెవులు శుభ్రంగా పని చేస్తున్నాయన్న సంగతి మాత్రం ఇద్దరికే తెలుసు. ఒకరు బుచ్చన్న, రెండోవారు అతని కూతురు సంతోషి. కట్టుకున్న పూలమ్మకు కూడా చెప్పలేదు. పూలమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున నల్లా దగ్గర ఒక్కరి చెవిన వేసిందంటే సాయంత్రానికి మంచిర్యాల దాకా పోతుంది.

ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా చేశాడు బుచ్చన్న. బొగ్గుకు రంధ్రాలు వేయించి, మందు కూరి, మనుషులందరినీ వెనక్కి పంపి పేల్చే పని. అలాంటివాడికి చెవులు పోయాయంటే నమ్మనివాడు ఎవడు? నిజానికి కుడి చెవి కొంత మందగించింది కూడా. మిగిలిందంతా నటన. కార్మికుడు ఇక పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చిందంటే అతని ఉద్యోగం బిడ్డకు వస్తుంది. సంతోషి డిగ్రీ అయ్యాక ఆరేళ్ళుగా పరీక్షలు రాస్తూనే ఉంది. ప్రతిసారీ రెండు మార్కులో మూడు మార్కులో తక్కువ. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి. పోయిన ఏడాది ఒకరోజు ఆ పిల్ల హాల్ టికెట్లన్నీ పొయ్యిలో వేసి, పొయ్యి ముందే కూర్చుని ఏడ్చింది. ఆ మర్నాడే బుచ్చన్నకు చెవుడు వచ్చింది.

నటించడం అంటే సినిమావాళ్ళకు ఒక పూట పని. బుచ్చన్నకు ఎనిమిది నెలల పని, సెలవు కూడా లేదు. కుక్కర్ కూత వేసినా, వెనక నుంచి బండి హారన్ కొట్టినా, పక్కింటివాళ్ళు తననే తిడుతున్నా మొహం మారకూడదు. ఈ విద్యలో ఆయన ఎంత ఆరితేరాడంటే, బోర్డు డాక్టర్లు రెండుసార్లు పిలిచి రెండుసార్లూ తికమకపడ్డారు. ఆఖరి హాజరు వచ్చే మంగళవారం.

పూలమ్మ మొదట్లో గొంతు చించుకుని అరిచేది. తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత అలవాటు పడిపోయి, ఎదురుగా భర్త ఉన్నా తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో చెప్పనివన్నీ ఈ ఎనిమిది నెలల్లో చెప్పేసింది. రాత్రి షిఫ్టుకు పోయినప్పుడల్లా ఎంత భయపడేదో చెప్పింది. మూడు వారాల కింద ఒక మధ్యాహ్నం ఇంకో మాట కూడా చెప్పింది.

"ఇగో, ఎడమ దిక్కు రొమ్ముల గడ్డ లెక్క తలుగుతున్నది. నెల దాటింది. పోరికి చెప్తె పుస్తకాలు మూసేసి కూసుంటది. నీకు చెప్తె ఇనవడదాయె. ఎవ్వలకు చెప్పుకోవాలె నేను?"

బుచ్చన్న విన్నాడు. ఆ క్షణాన లేచి ఆమెను దవాఖానకు తీసుకుపోవాల్సిన మనిషి, వినలేదు కనుక కూర్చునే ఉన్నాడు. మంగళవారం కానీ, బుధవారం పొద్దున్నే తీసుకుపోతానని తనకు తాను చెప్పుకున్నాడు. నెల రోజుల్లో ఏం మునిగిపోతుందని కూడా చెప్పుకున్నాడు. పిరికితనానికి మనిషి ఎన్ని ముద్దు పేర్లైనా పెట్టుకుంటాడు.

ఇంతలో ఈ సముద్రం ప్రయాణం వచ్చి పడింది. కంపెనీ నాలుగేళ్ళకోసారి కుటుంబంతో యాత్రకు పంపిస్తుంది. ఈసారి వద్దని తండ్రీకూతుళ్ళు ఎంత చెప్పినా పూలమ్మ వినలేదు. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు, చచ్చేలోపు ఒక్కసారి చూస్తానంది. చచ్చేలోపు అన్న మాట విన్నాక బుచ్చన్నకు ఎదురు చెప్పే నోరు రాలేదు. రామగుండంలో రైలెక్కి రేవుపాలెంలో దిగారు. అక్కడ వేసవి ఉత్సవాల ఆఖరి రోజు అది. సాయంత్రం ఏడున్నరకు సముద్రం ఒడ్డున బాణసంచా.

ఇసుకలో చోటు వెతుక్కుంటుండగా పక్క నుంచి ఒక చెయ్యి బుచ్చన్న భుజం మీద పడింది.

"అరెరె, బుచ్చన్న గారు కదండీ! మా ఊరొచ్చి మాకో మాటైనా చెప్పరా?"

బుచ్చన్న మాట వినపడనట్టు, మొహం చూసి నవ్వాడు. అతను వేణుమాధవ్. కాలనీలో రెండు వరుసల అవతలి క్వార్టర్. బోర్డు ఫైళ్ళు పంపే ఆఫీసులో గుమస్తా. పుట్టింది రేవుపాలెంలోనేనట, ఉత్సవాలకు పిల్లలతో వచ్చాడట. వదిలితే కదా! తన చాపలు పరిచి, తన పక్కనే బుచ్చన్నను కూర్చోబెట్టుకున్నాడు. మర్యాదకు మర్యాద, కాపలాకు కాపలా.

"ఆయనకు ఇనవడది సారూ," అంది పూలమ్మ. "గింత దూరం వచ్చినం గని, పాపం, అలల సప్పుడు గూడ ఇనకపాయె." చెప్తూ చెప్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

బుచ్చన్న సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. అలల చప్పుడు రెండు చెవులనిండా వినపడుతోంది. భార్య ముక్కు ఎగబీల్చడం కూడా వినపడుతోంది. ఇంతకంటే నీచమైన కూర్చోవడం తన జన్మలో కూర్చోలేదని ఆయనకు అనిపించింది.

వెనక ఎవరో నడిచిపోయారు. వేణుమాధవ్ మామూలు గొంతుతో అన్నాడు.

"ఎవరిదోనండీ, పర్సు పడిపోయింది."

బుచ్చన్న చెయ్యి జేబు వైపు బెత్తెడు కదిలింది. కదిలిన చేతిని ఆపితే అనుమానం. ఆపకుండా మోకాలి దాకా తీసుకుపోయి, చీమ కుట్టినట్టు గోక్కున్నాడు. అది నిజంగా పడిపోయిన పర్సో, తన కోసం పారేసిన పర్సో తెలియదు. వెనక్కి తిరిగి చూసే వీలు లేదు. సంతోషి మాత్రం పక్కకు జరిగి తండ్రి మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగుతున్నాయి.

నీటి అంచున తాళ్ళు కట్టి, లోపల ఇనుప గొట్టాలు వరసగా పాతారు. ఏడున్నరకు దీపాలు ఆర్పేశారు. మొదటి గుండు గొట్టంలోంచి 'ధుప్' అని లేచింది, పైన పగిలి ఎర్రగా విచ్చుకుంది. జనం కేక పెట్టారు. పూలమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆమెను ఇంత సంతోషంగా చూసి ఎన్నేళ్ళయిందో.

తండ్రి ఉలిక్కిపడతాడని సంతోషి భయపడింది కానీ, బుచ్చన్న ఉలిక్కిపడలేదు. ముప్పై ఏళ్ళు పేలుళ్ళ మధ్య అన్నం తిన్నవాడికి ఈ టపాకాయలు ఒక లెక్కా? వెలుగు చూసి నోరు తెరిచాడు. వేణుమాధవ్ ఓరకంట చూస్తున్నాడని తెలిసి ఇంకాస్త తెరిచాడు. అంతా బాగానే నడుస్తోంది. ఒక్క అలవాటు మాత్రం ఆయన మాట వినలేదు. బాయిలో ఎన్ని రంధ్రాలకు మందు పెట్టాడో అన్ని మోతలు లెక్కపెట్టుకోవాలి. ఒక్కటి తగ్గినా, పేలనిది ఒకటి లోపల ఉన్నట్టే, ఎవ్వరూ అటు అడుగు పెట్టకూడదు. ఆ లెక్క తప్పితే మనుషులు చచ్చిపోతారు. అందుకే లేచిన ప్రతి గుండుకు ఒకటి, పగిలిన ప్రతి గుండుకు ఒకటి, మనసు దానంతట అదే లెక్కపెడుతూ పోయింది. నలభై లేచాయి, నలభై పగిలాయి.

ఆఖరి వరస ఒకేసారి వదిలారు. ఆకాశం నిండా రంగు మీద రంగు, పొగ మీద పొగ. ఏది ఎక్కడ పగిలిందో చూసేవాళ్ళకు తెలియదు. బుచ్చన్నకు చెవులు చెప్పాయి. ఆరు లేచాయి. అయిదు పగిలాయి. తర్వాత ఎడమ వైపు, తాళ్ళు కట్టని చోట, తడి ఇసుకలో బరువుగా ఏదో పడ్డ చప్పుడు.

మైకులో కార్యక్రమం ముగిసిందన్నారు, జాగ్రత్తగా ఇళ్ళకు వెళ్ళమన్నారు. జనం దులుపుకుని లేస్తున్నారు. బుచ్చన్న పక్కకు చూశాడు. పూలమ్మ లేదు.

ఆమె అప్పటికే ఖాళీ నీళ్ళ సీసా పట్టుకుని ఎడమ వైపు నడుస్తోంది. పది పన్నెండు అడుగులు పోయింది. అటు జనం పలుచగా ఉన్నారని అటే బయలుదేరింది. ఇంకో ముప్పై అడుగులు పోతే నీళ్ళు. ఆ మధ్యలో ఎక్కడో ఆరో గుండు.

"పూలమ్మా! ఎనుకకు రా!"

ఇది అరిచినందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు. చెవిటివాడు అరవడం వింత కాదు కదా. పూలమ్మ తల కూడా తిప్పలేదు. ఎనిమిది నెలల అలవాటు కొద్దీ, తనలో తాను పైకే మాట్లాడుకుంటూ నడుస్తూనే ఉంది.

"వస్త, వస్త. గీ సీసల ఇన్ని నీళ్ళు పట్టుకొని వస్త. సముద్రం నీళ్ళు రాస్తె గడ్డ కరుగుతదట."

బుచ్చన్నకు మంగళవారం గుర్తు రాలేదు. పక్కనున్న వేణుమాధవ్ గుర్తు రాలేదు. మణికట్టు మీది గోళ్ళు కూడా గుర్తు రాలేదు.

"నీళ్ళకు గడ్డ కరుగదే! రేపే దవాఖానకు పోదాం! ముందు గాడ్నే ఆగు!"

పూలమ్మ ఆగింది. పేలుడు గురించి చెప్పి ఉంటే నవ్వి ముందుకే పోయేదేమో. గడ్డ అన్నందుకు ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు భర్తను చూసింది.

బుచ్చన్న పరుగెత్తుతూనే చేతులు రెండూ పైకెత్తి జనం మీద అరిచాడు. "ఎవ్వలు పోవద్దు! ఆరు లేచినయ్, అయిదే పేలినయ్! ఒకటి ఇసుకల పడ్డది, నేను ఇన్న!"

ఫోన్లు పట్టుకుని నీళ్ళ వైపు పోతున్న ఇద్దరు ఆగిపోయారు. బుచ్చన్న భార్య భుజం పట్టి వెనక్కి లాగి నాలుగు అడుగులు వేశాడో లేదో, నేల మీదే పేలింది. పచ్చటి నిప్పులు ఇసుక మీద నాలుగు వైపులా పరుగెత్తాయి. ఇద్దరూ బోర్లా పడ్డారు. తడి ఇసుక వీపుల మీద రాలింది. పూలమ్మ చీర అంచు కాస్త కాలింది, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు.

పోలీసులు, నిర్వాహకులు, కేకలు. సంతోషి పరుగున వచ్చి తల్లిని లేపి కూర్చోబెట్టింది. వేణుమాధవ్ నీళ్ళ గ్లాసు తెచ్చి పూలమ్మ చేతికిచ్చాడు. దెబ్బలేమీ తగల్లేదని సరిగ్గా చూసుకున్నాక బుచ్చన్న దగ్గరకొచ్చి, గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. బుచ్చన్నకు అక్షరం పోకుండా వినపడింది.

"మీ పుణ్యాన మా పిల్లలు కూడా బతికారండీ. వాళ్ళూ అటే పోబోయారు. కానీ మంగళవారం మాత్రం రాకండి బుచ్చన్న గారూ. వస్తే నేను నోరు మూసుకుని ఉండలేను. నా ఉద్యోగం అలాంటిది."

అతను చాపలు చుట్టుకుని వెళ్ళిపోయాడు. పోయింది ఉద్యోగం. ఎనిమిది నెలల మూగబాధ, సంతోషి ఆశ, అన్నీ ఒక్క కేకతో ఇసుకలో కలిశాయి. విచిత్రం ఏమిటంటే బుచ్చన్నకు గుండె బరువు దిగినట్టే ఉంది. బిడ్డ మొహం చూసే ధైర్యం మాత్రం లేదు. ఆ పిల్ల కూడా తండ్రిని చూడడం లేదు.

"అమ్మా, గడ్డ ఏంది? ఏం గడ్డ?" అని తల్లి రెండు చేతులూ పట్టుకుని ఊపుతోంది.

పూలమ్మ బిడ్డ చేతులు విడిపించుకుంది. భర్తనే చూస్తోంది.

"ఇనవడుతదా నీకు?"

"ఇనవడుతది."

"ఎప్పటిసంది?"

"ఎన్నడు పోలే."

పూలమ్మ ఎనిమిది నెలలుగా అన్న మాటలన్నీ ఒక్కొక్కటి వెనక్కి తెచ్చుకుంటోందని బుచ్చన్నకు అర్థమైంది. తను ఏదో ఒకటి చెప్పాలి.

"పోరి నౌకరి కోసం చేసిన పూలమ్మా. నీ సంగతి ఇన్నప్పటిసంది నాకు పానం పానంల లేదు. మంగళారం అయినంక తెల్లారే తోలుకపోదామనుకున్న. దేవుని తోడు."

"గడ్డ సంగతి చెప్పిననాడే ఇన్నవా?"

"ఇన్న."

"మంచిగ ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

సంతోషి ఏడుస్తోంది. పూలమ్మ కళ్ళల్లో చుక్క నీరు లేదు. చేతిలోని గ్లాసు ఇసుకలో పెట్టి, భర్త మొహంలోకి నిదానంగా చూస్తూ అంది.

"ఆ దినం నువ్వు బువ్వ తింటున్నవు. నేను చెప్పుడు అయిపోయినంక, పళ్ళెం ముందుకు జరిపి, ఇంకింత పచ్చిపులుసు పొయ్యమన్నవు. మస్తుగైందన్నవు."