గోడ అవతలి మొదలు

ద్రాక్ష మొదలు బెన్ని పెరట్లో ఉంది. పందిరి పరిమళ పెరట్లో ఉంది. నందిగామలో తండ్రి ఇచ్చిన స్థలంలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నప్పుడు మధ్యలో గోడ లేదు. తమ్ముడు బెన్ని వైపు మట్టి మంచిది, తన వైపు ఎండ బాగా తగులుతుంది. అందుకని పరిమళ భర్త ఫ్రాన్సిస్ మొదలు అటు, పందిరి ఇటు పెట్టాడు. ఆయన జగ్గయ్యపేటలో బడిపంతులు. తోటి మాస్టారి ఇంటి నుంచి ముదురు కొమ్మ ముక్క తెచ్చి నాటి, ఒక్క చిగురునే ఉంచి, మిగతావన్నీ గిల్లేస్తూ, కర్ర ఊతంగా పైకి పాకించాడు. అది పందిరి ఎత్తుకి చేరగానే తల తుంచేశాడు.

"అయ్యో, అంత కష్టపడి పైకొస్తే తల తీసేశారేంటండీ?" అంది పరిమళ.

"వదిలేస్తే తాడులా సాగిపోద్ది. ఇప్పుడు చూడు, రెండు చేతులు చాపుద్ది."

అన్నట్టే రెండు కొమ్మలు వచ్చాయి. వాటిని ఇనప వైర్ల మీద అటూ ఇటూ పరిచి, పరిమళ పాత చీరలు చింపి ముడులు వేశాడు. బిగించి కడితే కొమ్మ లావెక్కినప్పుడు కోసుకుపోతుందని, వేలు దూరేంత వదులు ఉంచేవాడు. ఎండాకాలంలో ఒకసారి, దసరా వెళ్లాక ఒకసారి కత్తిరించాలని, ఏ చిగురు కన్ను పైన కొయ్యాలో చూపించి ఆమెకీ నేర్పాడు.

ఒక్క కాపు తిన్నాడు. మరుసటి ఏడు పరిటాలలో చుట్టాల పెళ్లికి వెళ్లి తమ్ముడి బండి మీద తిరిగి వస్తుంటే, హైవే మీద లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీకి బండి గుద్దుకుంది. ఫ్రాన్సిస్ అక్కడే పోయాడు. బండి తోలిన బెన్నికి కాలు విరిగింది.

తప్పు లారీదేనని అందరూ అన్నారు. పరిమళ మాత్రం ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి, "తాగావా?" అని ఒక్క మాట అడిగింది. బెన్ని తల దించుకున్నాడు. అంతే. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. పోయినవాళ్ల కోసం చేసే ఆదరణ కూడిక ప్రార్థన అయీ అవకముందే మేస్త్రిని పిలిచి మధ్యలో గోడ పెట్టించింది.

"ద్రాక్ష మొదలు అటుందమ్మా. ఏం చేయమంటారు?" అన్నాడు మేస్త్రి.

"దాన్ని ముట్టుకోవద్దు," అంది.

కాలులో రాడ్డు పడ్డాక బెన్ని తన బతుకుతెరువైన ఆటో తోలలేకపోయాడు. అతని భార్య మహిమ మిరప కోతలకి వెళ్లేది. అతను ఇంటి దగ్గరే ఉండేవాడు. రోజూ పొద్దున్నే గోడ అవతల చేతికర్ర చప్పుడు, బకెట్ దించిన చప్పుడు, నీళ్లు నేలలోకి ఇంకుతున్న చప్పుడు వినబడేవి. అప్పుడప్పుడు మేకల ఎరువు వాసన కూడా వచ్చేది. పరిమళ ఏమీ పట్టించుకోనట్టే ఉండేది. రుతువు రాగానే స్టూలు వేసుకుని, భర్త నేర్పినట్టు కొమ్మలు కత్తిరించేది. తీగ మునుపెన్నడూ లేనంతగా విరగకాసింది.

ముందుగా పండిన గుత్తులు కోసి ఆదివారం చర్చికి కానుకగా తీసుకెళ్లింది. ప్రార్థనయ్యాక సంఘపెద్ద దేవరాజ్‌గారు లేచారు.

"ఈ పళ్లు చూడండి. మరిది నీళ్లు పోశాడు, వదిన కోసుకొచ్చింది. క్షమాపణ అంటే ఇదే కదండీ! మన పరిమళమ్మని చూసి నేర్చుకోవాలి."

అందరూ ఆమెన్ అన్నారు. పరిమళ వెనక్కి తిరిగి చూసింది. చివరి బెంచీలో బెన్ని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పక్కవాళ్లు అతని వీపు నిమురుతున్నారు.

ఆమె ఒళ్లు మండిపోయింది. తను క్షమించలేదు. క్షమించావా అని ఎవరూ తనని అడగలేదు కూడా. అందరూ కలిసి ఆ క్షమాపణ తన తరఫున ఇచ్చేశారు.

బెన్నిని పలకరించడానికి జనం మూగుతుండగానే ఇంటికొచ్చి, రంపం తీసుకుని, అవతలి ఇంటి గేటు తీసుకుని లోపలికి వెళ్లింది. పాదు చుట్టూ గడ్డిపోచ లేదు, మట్టి ఇంకా తడిగా ఉంది. కూర్చుని మొదలంటా కోసేసింది.

సాయంత్రానికి ఆకులు వాలిపోయాయి. నాలుగు రోజుల్లో పందిరంతా ఎండుటాకులతో గలగలమంది. కోయకుండా మిగిలిన గుత్తులు ముడుచుకుపోయి నల్లగా వేలాడాయి.

ఒకరోజు మహిమ వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"అక్కా, ఆయన ఆ మొద్దుకి ఇంకా నీళ్లు పోస్తన్నాడు. నేను చెప్తే వినట్లా. అన్నం కూడా సరిగ్గా తినట్లా. నువ్వొక్క మాట చెప్పక్కా."

"ఏమని చెప్పమంటావే?"

మహిమ గేటు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

వేసవిలో గాలిదుమారం లేచినప్పుడు ఎండుకొమ్మలు విరిగి పడసాగాయి. తీసేయక తప్పలేదు. పరిమళ కత్తెర పట్టుకుని స్టూలెక్కింది. మొదటి ముడి దగ్గరే చెయ్యి ఆగిపోయింది. తన నీలం చీర పేలిక అది. వేలు పెడితే దూరేంత వదులుగా ఉంది. బెన్ని నీళ్లు పోసిన చెట్టుని కోస్తున్నాననుకుంది గానీ, ఫ్రాన్సిస్ చేతులతో కట్టిన చెట్టుని కూడా కోశానని ఆమెకి అప్పుడు తెలిసింది.

స్టూలు మీంచే గోడ వైపు తిరిగి పిలిచింది.

"బెన్నీ. నిచ్చెన ఉంటే పట్రా."

అతను కుంటుకుంటూ తెచ్చాడు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పైకెక్కి, అతని వైపు చూడకుండా అడిగింది.

"ఆఖర్న మీ అన్నయ్య ఏవన్నా అన్నాడా?"

"ఏం అనలేదొదినా. అంత టైమే లేదు. నీకేదో ఒకటి చెప్పాలని ఇన్నాళ్లూ మాటలు కూడబలుక్కుంటన్నా. అన్నయ్య అన్నట్టు ఒక్కటీ రావట్లా."

పరిమళకి ఏడుపు రాలేదు. అబద్ధమైనా చెప్పి ఉండాల్సిందనిపించింది. చెప్పినా నమ్మేదాన్ని కాదనీ అనిపించింది. కత్తెర కిందికి అందించింది.

"ముడులు నువ్వు కొయ్యి. నా వల్ల కావట్లా."

ఆమె కిందికి దిగి నిచ్చెన పట్టుకుంది. బెన్ని నొప్పి కాలు ఈడ్చుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి, ఒక్కో ముడీ కోశాడు. కొమ్మలన్నీ కుప్ప చేసి తగలబెట్టారు. బాగా ఎండి ఉన్నాయేమో, తొందరగానే కాలిపోయాయి.

ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటారు. నీళ్లొచ్చాయా, కరెంటు పోయిందా, అంతవరకే. దేవరాజ్‌గారు చర్చిలో మళ్లీ క్షమాపణ గురించి ఏదో అనబోతే పరిమళ చెయ్యెత్తి ఆపింది. గోడ అలాగే ఉంది.