రెండోసారికీ మూడోసారికీ మధ్య

పిడుగును పిలిచి, మనిషి చేతి మీద చొక్కా గుండీ అంత మేర మాత్రమే పడి పొమ్మంటే, అది బుద్ధిగా పడి పోవడం నేను కళ్లారా చూశాను. గదంతా నీలంగా వెలిగింది. నా కళ్లద్దాలు వేడెక్కాయి. నమ్మనివాళ్లు ఇక్కడే లేచి వెళ్లొచ్చు, నేనేం అనుకోను. నమ్మేవాళ్లు కాస్త దగ్గరికి జరగండి.

ఆ పిడుగు మీట ఒకమ్మాయి చేతిలో ఉంది. అమ్మాయంటే మరీ అమ్మాయి కాదు, ఇద్దరు పిల్లల తల్లి. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ యంత్రం నడుపుతుంది కాబట్టి అందరూ ఆపరేటరమ్మ అంటారు. ఆమె పనితనం నిజానికి నొక్కడంలో లేదు, ఆపడంలో ఉంది. రోగి లోపల బల్ల మీద పడుకుంటాడు. ఆమె బయట తెర ముందు కూర్చుంటుంది. పాత యంత్రంలో కిరణం నిమిషాల తరబడి పడుతుంది. లోపలి మనిషి దగ్గినా, ముక్కు గోక్కున్నా ఆమె వేలు చటుక్కున ఎర్రమీట మీదికి పోతుంది. ఆపడం, సర్దడం, మళ్లీ మొదలుపెట్టడం. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ వేలు ఒక్కనాడూ కునుకు తీయలేదు.

ఆమె బాబాయి కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషి. రెండు వైపులా మెలి తిరిగిన మీసం, దాని కింద ఆగని నోరు. ఆ నోరు ఎంత మాట్లాడుతుందో కుడిచెయ్యి దానికి రెట్టింపు మాట్లాడుతుంది. ఆ చెయ్యి గాల్లో ఒక్క ఊపు ఊపితే కుళ్లిన టమాటాల కుప్పకు కూడా పోటీ పుట్టేది. అలాంటి చేతికి, అరచేతి వెనకవైపు పుండు లేచింది, క్యాన్సరన్నారు. పాత యంత్రం కింద వారాల తరబడి పెట్టారు. తగ్గినట్టే తగ్గి, ఏడాది తిరక్కుండా అదే చోట మళ్లీ లేచింది.

డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "అదే కిరణం మళ్లీ అలాగే పెడితే చర్మం తట్టుకోదండీ. మానని పుండు పడుతుంది. ఆపరేషనంటే చెయ్యి చాలావరకు పోతుంది. కొత్త యంత్రం ఒకటుంది. మొత్తం మోతాదు రెప్పపాటు కన్నా ముందే ఇచ్చేస్తుంది. అంత వేగంగా ఇస్తే చుట్టూ ఉన్న మంచి చర్మానికి దెబ్బ తక్కువని పరీక్షల్లో కనబడుతోంది. మనుషుల్లో ఇంకా కొద్దిమందికే చేశారు. ఇక్కడ మీరే మొదలు."

"వేగంగా ఇస్తే దెబ్బ ఎందుకు తగ్గుతుంది?"

"అది పూర్తిగా ఎవరికీ తెలియదు."

"తెలియదని చెప్పే డాక్టర్ని ఇవాళే చూశాను," అన్నాడు బాబాయి. "కానివ్వండి."

"చెయ్యి పోతే పోనీ, ఇంట్లో గోల సగం తగ్గుతుంది," అంది పిన్ని. అంటూనే ఆ చేతిని తన ఒళ్లోంచి వదల్లేదు.

రెప్పపాటు కన్నా ముందే అన్న మాట విన్న దగ్గర్నుంచి ఆపరేటరమ్మకు అన్నం సయించలేదు. కొత్త యంత్రానికీ ఎర్రమీట ఉంది. కానీ వేలు దాని దాకా వెళ్లేలోపు అంతా అయిపోయి ఉంటుంది. నొక్కిన క్షణంలో చెయ్యి ఉన్నచోట ఉంటే సరే. వేలెడు జరిగినా మోతాదంతా పోయి మంచి చర్మం మీద పడుతుంది. సర్దుకోవడానికి మిగిలేదేమీ ఉండదు.

కిరణం లేకుండా ముందుగా ఒక రిహార్సల్ వేశారు. చేతి ఆకారానికి అచ్చు పోసి, అందులో చెయ్యి పెట్టించారు. మణికట్టుకు పట్టీ వేశారు గానీ, పుండు మీదుగా బిగిస్తే పాత చర్మం చిట్లిపోతుందని అక్కడ వదులుగా ఉంచారు. ఆమె అలవాటు ప్రకారం మైకులో చెప్పింది. "బాబాయ్, మొదలుపెడుతున్నా. కదలకు."

సరేనన్నట్టు చెయ్యి అచ్చులోంచి లేచింది.

మళ్లీ చెప్పింది. మళ్లీ లేచింది.

"కదలకు అంటే ఎందుకు లేపుతున్నావు?"

"విన్నానని చెప్పొద్దూ?"

"చెప్పొద్దు."

"పిలిస్తే పలక్కుండా పడుండడం ఏం మర్యాదే?"

"అయితే ఈసారి చెప్పకుండా నొక్కేస్తా."

"మూడోసారి అనకుండా కొట్టేస్తావా? మా మార్కెట్లో అయితే తంతారు."

ఆ మాటతో ఆమె చెయ్యి మైకు మీదే ఆగిపోయింది. చిన్నప్పుడు బాబాయి భుజాల మీద కూర్చుని ఎన్ని వేలాలు చూసిందో. ఒకటోసారి అంటాడు, రెండోసారి అంటాడు. ఆ తర్వాత, ఇంకో పాట వస్తుందేమోనని చెవులప్పగించి, బిగదీసుకు నిలబడతాడు. భుజాల మీదున్న ఆమెకు ఆయన ఊపిరి ఆగడం కూడా తెలిసేది. ఆయన నోరూ చెయ్యీ కలిసి ఆగేది ఈ లోకంలో అక్కడొక్కచోటే.

ఆమె మైకులో ఏదో బుట్ట వేలం పెట్టింది. రెండోసారి అని ఊరుకుంది. తెర మీద చెయ్యి అచ్చులో రాయిలా ఉంది.

"అసలు రోజు కూడా ఇలాగే చేస్తా బాబాయ్. మూడోసారి మాత్రం అనను. ఒప్పుకుంటావా?"

"వేలం ధర్మానికి విరుద్ధం," అన్నాడాయన. అంతలోనే, "సరేలే, నువ్వు కాబట్టి," అన్నాడు.

పక్కన నిలబడ్డ డాక్టరమ్మ నవ్వలేదు. "ఇదే చెయ్యండి," అంది.

ఆ రోజు వచ్చింది. బరువైన తలుపు మూశారు. ఆమె మైకు అందుకుంది. "వేలానికొచ్చింది మా బాబాయి మీసం. పైకి నలుపు, లోపల రంగు డబ్బాకే తెలియాలి. పిన్ని పాడింది. డాక్టరమ్మ పెంచింది. ఒకటోసారి."

తెర మీద బాబాయి పెదవి అదిరింది.

"రెండోసారి."

పెదవి ఆగింది. పొట్ట మీద దుప్పటి కదలడం ఆగింది. చెయ్యి అచ్చులో ఉంది. ఆమె నొక్కింది.

ఇక్కడే మీకు నీలం వెలుగు చూపించాలి. ఏం చూపను? ఆ గదిలో రోగి తప్ప పురుగు కూడా ఉండకూడదు, గోడలు గజం మందం. నేనా పూట మా ఇంట్లో పెసరపప్పు ఏరుతున్నాను. వెలుగు లేదు, పిడుగు లేదు, యంత్రం టిక్కుమంది, అంతే. నొక్కిన వేలు పాత అలవాటున ఎర్రమీట మీదికి వెళ్లి, అక్కడ ఆపడానికేమీ లేక ఊరికే వెనక్కొచ్చింది.

"మూడోసారి అనవేం? ఎవరికి పోయింది?" లోపల్నుంచి కేక.

"అయిపోయింది బాబాయ్. లే."

"ఏమయిపోయింది? ఇంకా మొదలెట్టందే."

అసలు బరువు ఆ తర్వాతి వారాలది. బాబాయి చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆమె మొహం కన్నా ముందు చెయ్యి చూసేది. చర్మం ఎర్రబడింది. పొట్టు లేచింది. ఇప్పుడు చిట్లుతుందేమో, ఇప్పుడు చిట్లుతుందేమో అనుకుంటుండగా నెమ్మదిగా పాలిపోయి సర్దుకుంది. పుండు అణిగి మచ్చగా మిగిలింది.

"ఒక్క చెయ్యి చూసి ఏమీ చెప్పకూడదు," అంది డాక్టరమ్మ. "ఇంకా చాలామందిని చూడాలి. మిమ్మల్ని కూడా ఏళ్ల తరబడి చూస్తూనే ఉండాలి."

"చూడండి. మార్కెట్‌కొస్తే ఊరికే చూడొచ్చు," అన్నాడు బాబాయి.

ఆ మరుసటి వారం ఆపరేటరమ్మ కూరగాయలకని వెళ్లి, జనం వెనక నిలబడింది. ఆయన చెయ్యి గాల్లోకి లేచింది. ఆపాలని ఆమె వేలు ఉలిక్కిపడలేదు.

ఆ పిడుగు కాక ఇందులో నేను కల్పించింది ఇంకేదంటారా, ఆ మీసం. బాబాయిది నున్నటి మొహం, పుట్టి బుద్ధెరిగాక మీసం పెంచింది లేదు. ఆమె వేలం వేసింది ఉత్త గుమ్మడికాయల కుప్పను. గుమ్మడికాయలంటే మీరు నవ్వరని మీసం అతికించాను.