వకుళకు వెయ్యాల్సిన పాచిక

గుణశేఖర్ మెట్లెక్కి వస్తున్నాడు, హరిణి పైమెట్టు మీద నిలబడి చూస్తోంది, అవి కాలేజీ మెట్లే అని ఆమెకు తెలుస్తూనే ఉంది గానీ నోటీసు బోర్డు ఉండాల్సిన చోట నాచు పట్టిన కోటగోడ ఉంది, గోడ సందుల్లోంచి సముద్రపు గాలి ఉప్పగా కొడుతోంది, ఆయన చనిపోయాడన్న సంగతి కూడా గుర్తుంది, అయినా భయం వెయ్యడం లేదు, ఎండన పడి వచ్చాడు, ముందు మంచినీళ్ళివ్వాలి అని మాత్రం అనిపిస్తోంది.

"ఏటి, ఇంకా మొదలెట్టలేదా?" అంటాడాయన.

"నువ్వు లేకుండా ఎలగ మొదలెడతాం అన్నా?"

"నేనున్నప్పుడు మాత్రం ఆడింది మీరే కదా" అని నవ్వుతాడు.

గుణశేఖర్ విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లిషు చెప్పేవాడు. ఆదివారం వస్తే మాత్రం రుక్సానా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఇంకో మనిషైపోయేవాడు. బల్ల మీద కాగితం పటం పరిచి, దాని మీద పాత్రల బొమ్మలు జరుపుతూ పాచికలతో ఆడే కథల ఆట అది. ఆయన కథ నడిపేవాడు, హరిణి, రుక్సానా, మోజెస్ తలో పాత్రా పట్టుకుని ఆ కథలో తిరిగేవారు. పాత్రలు చచ్చిపోయే ఆట. మిగతా చోట్ల మంత్రం వేసి లేపేస్తారట. ఆయన బల్ల దగ్గర పోయినవాళ్ళు పోయినట్టే, ఇంకో పాత్ర పట్టుకోవాల్సిందే. ప్రాణం మీదికొస్తే ఎవరి పాత్రకు వాళ్ళే, అందరి కళ్ళ ముందూ పాచిక వెయ్యాలి. కానీ పోయే పాత్రకు ఒక చివరి పని ఇచ్చేవాడు, దానికి పాచిక ఉండదు, ఏం కోరితే అది జరిగి తీరుతుంది. మోజెస్ ఆడే బండోడు వరదలో పోయినప్పుడు మోజెస్ మొహం మాడ్చుకుని "పడవని ఒడ్డుకి తోసేస్తాడు" అన్నాడు. "తోశాడు" అన్నాడు గుణశేఖర్, ఒక్క మాట. ఆ తర్వాత కథలో ఎప్పుడు ఆ రేవుకి వెళ్ళినా అక్కడి పడవలన్నిటికీ బండోడి పేరే ఉండేది. వాళ్ళెవరూ అడక్కుండానే ఆయన గుర్తు పెట్టుకునేవాడు.

ఇప్పుడు మెట్లు లేవు. ఇద్దరూ కోట లోపల ఉన్నారు, మూసిన తలుపు పక్కన వకుళ పడి ఉంది. వకుళ హరిణి పాత్ర, ఏళ్ళ తరబడి ఆడిన విలుకత్తె, మిగతావాళ్ళని బయట వదిలి ఒక్కర్తే గోడెక్కి దూకింది, విషం పూసిన బాణం తగిలింది. పదీ ఆపైన పడితే బతుకు, తక్కువ పడితే లేదు. సరిగ్గా ఆ పాచిక వెయ్యబోతుండగా రుక్సానా అత్తగారు చుట్టాలతో దిగింది, బల్ల ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. "వచ్చే ఆదివారం వేద్దాం" అన్నాడు గుణశేఖర్. ఆ వారం మధ్యలోనే కాలేజీ మెట్ల మీద గుండె ఆగి పడిపోయాడు.

"ఎవరూ అడగరు, బతికేసిందని చెప్పేసుకుందాం అంటున్నారన్నా రుక్సానా, మోజెస్" అంటుంది హరిణి.

ఆయన వకుళ పక్కన గొంతుక్కూర్చుని ఆమె మొహం మీద పడ్డ జుట్టు తీస్తుంటాడు, ఆ మొహం ఒకసారి వకుళది, ఒకసారి నిద్రపోతున్న హరిణిది.

"చెప్పేసుకోవచ్చు" అంటాడు. "ఓసారి మీరంతా బతిమాలేరని పాచిక పక్కన పెట్టి యువరాజునొకణ్ణి బతికించేశాను. పేరేటి వాడిది?"

హరిణి ఎంత తవ్వుకున్నా ఆ పేరు రాదు. బండోడి పేరు, వాడి గడ్డం, వాడి మాట మాత్రం అడక్కుండానే వచ్చేస్తాయి.

"నాకూ గుర్తులేదు" అంటాడు గుణశేఖర్, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా.

సముద్రం గోడ దాకా వచ్చి వెనక్కి పోతోంది. ఇన్నాళ్ళూ గొంతులో ఉండిపోయిన మాట హరిణి ఇప్పుడు అనేస్తుంది, "అందరికీ చివరి పని ఇచ్చావు. నీకెవరూ ఇవ్వలేదన్నా. పక్కన ఎవరూ లేరు."

"ఇప్పుడున్నావు కదా. అడుగు మరి."

ఆమె ఆయన అడిగే తీరులోనే, తొందర లేకుండా, కళ్ళలోకి చూసి అడుగుతుంది. "గుణశేఖర్ చివరి పని ఏమిటి?"

ఆయన నిజంగానే ఆలోచిస్తాడు, వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఆలోచించినట్టే, గడ్డం గోక్కుంటూ. "రుక్సానా వాళ్ళ హాల్లో ఫేను ఆపుతాను. ఎన్నేళ్ళు ఆ పటం ఎగిరిపోకుండా గ్లాసులు పెట్టుకుని ఆడాం!"

"అంతేనా?"

"ఇంకేటి మిగిలింది? మిగతావన్నీ మీతో ఆడేశాను కదా."

ఆయన లేచి చెయ్యి పైకెత్తుతాడు. ఇక్కడ ఆమె ఒక మాట అనాలి, అది ఆయన మాట, ఇవాళ ఆమె వంతు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తుంటే అంటుంది.

"ఆపాడు."

గాలి తగ్గి హరిణికి మెలకువ వస్తుంది. రుక్సానా హాల్లో సోఫా మీద, మధ్యాహ్నం భోంచేసి అలాగే ఒరిగిపోయింది. గుణశేఖర్ పోయాక వాళ్ళు కలుసుకోవడం ఇదే మొదలు. బల్ల దగ్గర మోజెస్ పటాన్ని రెండు అరచేతులతో అదిమి పట్టుకుని ఉన్నాడు. పైన ఫేను రెక్కలు ఒక్కొక్కటిగా కనిపించేంత నెమ్మదై, ఆగిపోతాయి.

"కరెంటు పోయిందక్కా" అని చేతులు తీసేస్తాడు మోజెస్. కాగితం అంచు కూడా కదలదు. "వకుళ బతికేసింది అనుకుని ముందుకెళ్ళిపోదామా మరి?"

"వద్దురా. వేస్తాను" అంటుంది హరిణి.

ఇరవై ముఖాల పాచిక పటం మీద దొర్లి, కోటగోడ దగ్గర ఆగుతుంది. ఏడు.

రుక్సానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. గుణశేఖర్ కుర్చీ ఖాళీగా ఉంది, ఆ ప్రశ్న అడగాల్సినవాడు లేడు, హరిణి తలెత్తి మోజెస్‌ని చూస్తుంది. మోజెస్ రెండుసార్లు గొంతు సవరించుకుని అడుగుతాడు.

"వకుళ చివరి పని ఏంటక్కా?"

"పాక్కుంటూ వెళ్ళి కోట తలుపు గడియ తీస్తుంది."

"తీసింది" అంటాడు మోజెస్.

రుక్సానా కళ్ళు తుడుచుకుని, తన బొమ్మనీ మోజెస్ బొమ్మనీ పటం మీద కోట లోపలికి జరుపుతుంది.