కుడివైపు మనిషి

బుల్లయ్య తడిగుడ్డతో కారు ముందద్దం తుడుస్తున్నాడు. అద్దమంతా కాదు, కుడివైపు సగమే. ఆ అద్దానికి నడిమధ్య నిలువునా ఒక ఇనుప పట్టీ ఉంటుంది. పట్టీకి ఎడమవైపుది కారు యజమాని వెంకటనారాయణ గారిది, దాన్ని ఆయనే తుడుచుకుంటారు. కుడివైపుది బుల్లయ్యది. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో ఇద్దరికీ గుర్తులేదు.

గుడ్డ పిండి దండెం మీద ఆరేసి, షెడ్డు మూలనుంచి దిండు తెచ్చాడు. పాత గళ్ళచీర ముక్కతో సంచి కుట్టి, దూది కూరి, అతని భార్య బసవమ్మ చేసిచ్చిన దిండు. బుల్లయ్య పొట్టి మనిషి. దిండు లేకుండా కూర్చుంటే ఆ పొడవాటి బానెట్ మీదుగా రోడ్డు కనబడదు, ఆకాశమే కనబడుతుంది. దిండును కుడివైపు సీట్లో వేసి చేత్తో అదిమాడు. ఎడమచెయ్యి భుజందాకా లాగింది. పడక సరిగా కుదరలేదనుకున్నాడు.

బసవమ్మ గుమ్మంలోనుంచి చూస్తోంది.

"పొద్దున్నే ఆ చెమటలేంటి? ఒంట్లో బాలేదా?"

"కారు తుడిస్తే చెమట పట్టదా?"

"తుడిచింది సగమేగా."

ఆమె సోడా తాగి వెళ్ళమంది. దారిలో తాగుతానన్నాడు.

అది నీలం రంగు షెవర్లే. గుంటూరులో పొగాకు కొనడానికి వచ్చిన ఒక అమెరికా దొర, తన దేశానికి తిరిగి పోతూ వదిలించుకున్న బండి. అప్పటికి వెంకటనారాయణ గారు చిలకలూరిపేటలో కొత్తగా, పత్తిలో గింజలు తీసే జిన్నింగ్ మిల్లు పెట్టి ఉన్నారు. మోజుపడి కొన్నారు. దొరల బండి కాబట్టి స్టీరింగు ఎడమవైపు ఉంది. ఊళ్ళో తిప్పితే అదొక వింత, అంతే. హైవే ఎక్కితేనే చిక్కు. ముందు లారీ ఉందంటే, ఎడమవైపు కూర్చున్నవాడికి ఆ లారీ వెనకభాగం తప్ప మరేమీ కనబడదు. దాన్ని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో కుడివైపు కూర్చున్నవాడు చూసి చెప్పాలి. మిల్లులో బోరేలు, అంటే పత్తి నింపే పెద్ద గోతాలు, కుట్టే పనిలో ఉన్న బుల్లయ్యను, కళ్ళు బాగున్నాయని ఒకరోజు ఎక్కించుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ దించలేదు.

మొదటి వారంలోనే ఇద్దరూ చావబోయారు. మార్టూరు దాటాక ముందు ఒక లారీ, ఎదురుగా బస్సు. బుల్లయ్య "పోవద్దు" అని అరిచాడు. ఇంజను మోతలో, గాలిలో, వెంకటనారాయణ గారికి అది "పోవచ్చు" అని వినబడింది. బస్సు హారను మాత్రం ఇద్దరికీ సరిగ్గానే వినబడింది. కారు రోడ్డు దిగి, కాలవ గట్టు ఎక్కి, మిరపతోటలో సాళ్ళకు అడ్డంగా పోయి ఆగింది. ఇంజను మాత్రం ఆగలేదు, ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉంది. ఇద్దరూ చాలాసేపు కదల్లేదు. పండు మిరపకాయ ఒకటి అద్దానికి అంటుకుని ఉంటే దానివంకే చూస్తూ కూర్చున్నారు.

చివరికి వెంకటనారాయణ గారే నోరు విప్పారు. "ఈ పోవచ్చు, పోవద్దు మనకొద్దురా. కండక్టర్లు అంటారే, అలాగ ఖాళీగా ఉంటే 'రైట్' అను. లేకపోతే నోరు మూసుకో. నువ్వు మాట్లాడలేదంటే నేను ఆగినట్టే."

అప్పటినుంచి బుల్లయ్య ఉద్యోగం ఆ ఒక్క మాట. పత్తి సీజన్లో, మిరప సీజన్లో, పెళ్ళిళ్ళకి, చావులకి, వెంకటనారాయణ గారి భార్యను ఆఖరిసారి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిన రోజున కూడా, ఆ మాట ఒకే గొంతుతో అన్నాడు. ఆవిడ పోయాక ఆయన కొన్నాళ్ళపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం కారు తీసి ఊరికే కొంతదూరం పోయి వచ్చేవారు. బుల్లయ్య ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు రైట్ అన్నాడు.

కారు తుడిచిన ఆ ఫిబ్రవరి ఉదయం వాళ్ళు ఒంగోలు బయల్దేరారు. రోడ్డును నాలుగు వరసలు చేస్తారట, దారి పొడుగునా సర్వే రాళ్ళు పాతి ఉన్నాయి. ఊరి చివర చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ వీరబాబు చెయ్యి అడ్డం పెట్టి, ఎప్పటిలాగే కుడివైపు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"డ్రైవరుగారూ, లైసెన్సు తీయండి."

"స్టీరింగేదీ, నాకు లైసెన్సెందుకు?" అన్నాడు బుల్లయ్య.

"ఇవాళ కూడా ఇంట్లోనే మర్చిపోయారా?"

ముగ్గురూ నవ్వారు. ఎన్నేళ్ళుగానో ఇదే నవ్వు. అది పాతబడకపోవడం బుల్లయ్యకు ఒక్కోసారి ఆశ్చర్యంగా ఉంటుంది.

ఒంగోల్లో మెకానిక్ గౌస్ బాషా షెడ్డుకి వెళ్ళేసరికి, వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని మాణిక్యమ్మ గారు ఉన్నారు. భర్త పొగాకు వ్యాపారి, పోయి చాలా కాలమైంది. ఆయన కొన్న ప్లిమత్తు కారును ఆవిడ అమ్మకుండా ఉంచుకున్నారు. అది షెడ్డులో రెక్కలు విప్పిన కోడిలా బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది.

"మీ బండికేమైంది చెల్లెమ్మా?" అన్నారు వెంకటనారాయణ గారు.

"ఏమీ కాలేదన్నయ్యగారూ. ఏమీ కావట్లేదని అనుమానమొచ్చి తెచ్చాను."

బాషా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఈ బండ్లతో మాకు బతుకు లేదు సార్. మీ షెవర్లే ఇంజను లోపల ఎట్టా ఉంటదో ఇప్పటిదాకా నేను చూళ్ళేదు. చెడిపోతేగా విప్పేది."

"ఒకసారి మేదరమెట్ల దగ్గర ఫ్యాను బెల్టు తెగింది. బుల్లయ్య పక్క ఊళ్ళోకి పోయి, ఎవరి మంచమో అడిగి, నవారు విప్పుకొచ్చాడు. అది మెలేసి కట్టుకుని ఇంటిదాకా వచ్చాం" అన్నారు వెంకటనారాయణ గారు.

"ఆ మంచం వాళ్ళు ఏమన్నారు?"

"నేలమీద పడుకున్నారు. మర్నాడు కొత్త నవారు పంపించాను."

మాణిక్యమ్మ గారు నవ్వి, కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "మా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఈ ప్లిమత్తే. ఇంటికి తెచ్చిందీ ఇదే. దారిలో ఎక్కడా ఆగలేదు" అన్నారు.

బుల్లయ్య పాత టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బాషా వెంకటనారాయణ గారికి దగ్గరగా జరిగినా, షెడ్లో పనిచేసేవాడు కాబట్టి గొంతు తగ్గించడం తెలియదు.

"సార్, విజయవాడలో ఒక షెవర్లే తుక్కు కింద పడుంది. కుడి స్టీరింగుది. దాని సామాను తెచ్చి మీ బండికి బిగించేస్తాను. ఇంక పక్కన మనిషితో పనుండదు మీకు."

టీ గ్లాసు బుల్లయ్య చేతిలో అలాగే ఉండిపోయింది. మాటలు చెవిలో పడ్డాయి గాని కిందికి దిగలేదు. అతను కారువంక చూశాడు. కుడివైపు సీటు, సీట్లో దిండు. ఆ దిండు ఉన్నచోట ఒక స్టీరింగు. ఎంత ప్రయత్నించినా ఆ రెండింటినీ కలిపి చూడలేకపోయాడు. స్టీరింగు వస్తే దిండు ఎక్కడ పెడతారు అని మాత్రం తోచింది. అసలు సంగతి అది కాదని తెలుసు. అయినా దాన్ని దాటి ఆలోచన ముందుకు పోలేదు.

"చేయించుకోండన్నయ్యగారూ, ఈ వయసులో సుఖం" అన్నారు మాణిక్యమ్మ గారు.

"ఏమంటారు సార్?" అన్నాడు బాషా.

వెంకటనారాయణ గారు ఏమీ అనలేదు. ప్లిమత్తు ఇంజనులోకి తొంగి చూస్తూ నిలబడ్డారు. బాషా మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ ఏమీ అనలేదు. టీ చల్లారిపోయిందని బుల్లయ్యకు పెదవికి తగిలాక తెలిసింది.

తిరుగు దారిలో బుల్లయ్య తన పనిలో ఏ లోపమూ రానివ్వలేదు. ఖాళీ దొరికిన ప్రతిచోటా రైట్ అన్నాడు. మార్టూరులో సోడాబండి దగ్గర కారు ఆగింది. వెంకటనారాయణ గారే దిగి సోడా కొట్టించి తెచ్చి ఇచ్చారు.

"పొద్దుటినుంచీ అదోలా ఉన్నావు, తాగు."

బుల్లయ్య రెండు గుక్కలు తాగాడు. సీసాలో గోళీ కదిలింది.

"స్టీరింగు ఎప్పుడు మార్పిస్తున్నారయ్యగారూ?"

"ఎవరు చెప్పారు మారుస్తానని?"

"బాషా అడిగాడుగా."

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే అర్థమేంటి?" అన్నారు వెంకటనారాయణ గారు. "ఇన్నేళ్ళు నాకు నువ్వు చెప్పింది అదేగా. ఒంగోలు పోయేసరికి మర్చిపోయావా?"

బుల్లయ్యకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. షెడ్లో టైరు మీద కూర్చున్నప్పుడు కలిగిన దిగ్భ్రమే మళ్ళీ కలిగింది, ఈసారి రెండోవైపునుంచి. తన భాషను ఇంకొకరు కూడా మాట్లాడతారని అతను ఎన్నడూ అనుకోలేదు. సీసా తిరిగి ఇస్తుంటే గోళీ గలగలమంది.

మార్టూరు దాటాక ముందు ఒక పత్తి లారీ తగిలింది. బోరేలు రెండు పక్కలా ఉబ్బి బయటికి వచ్చి, లారీ రోడ్డులో సగానికి పైగా ఆక్రమించుకుని మెల్లగా పోతోంది. సందుల్లోనుంచి దూది పింజలు లేచి కారు మీదికి వస్తున్నాయి. బుల్లయ్య కిటికీలోనుంచి తల కొద్దిగా బయటికి పెట్టి చూశాడు. ఒక ట్రాక్టరు వస్తోంది. పోయింది. ఒక బస్సు. పోయింది. రొమ్ము మీద ఎవరో బోరెం దించినట్టయింది. తలుపు చట్రానికి తల ఆనించాడు. ఎండ పసుపు పచ్చగా పడి ఉంది. రెండు పక్కలా మిరపతోటలు. నడుమ రోడ్డు, మలుపుదాకా ఒక్క బండి కూడా లేకుండా, తడిగుడ్డతో తుడిచినట్టు ఉంది. ఖాళీ. రైట్ అనాలి. దానికోసం ఊపిరి తీసుకున్నాడు.

వెంకటనారాయణ గారు లారీ వెనకే నడుపుతున్నారు. మాట రాలేదు. మాట రాలేదంటే ఎదురుగా ఏదో వస్తోంది. ఆయన యాక్సిలరేటరు మీద కాలు తేల్చి కూర్చున్నారు.

వెనకనుంచి ఒక మోటారు సైకిలు హారను కొట్టి దాటిపోయింది. తర్వాత ఒక జీపు. తర్వాత ఆర్టీసీ బస్సు కారు పక్కకి వచ్చి, ఫుట్‌బోర్డు మీదనుంచి కండక్టరు వంగి అరిచాడు.

"ఏం పెద్దాయనా, రోడ్డంతా ఖాళీగా ఉంటే లారీకి తోకలాగ పోతున్నావు?"

"మావాడు చెప్పలేదయ్యా" అన్నారు వెంకటనారాయణ గారు.

బస్సు వెళ్ళిపోయింది. బుల్లయ్య అలిగాడని ఆయనకు అర్థమైంది. బాషా మాట ఇంకా లోపల గుచ్చుకుంటూ ఉండి ఉంటుంది. రోడ్డుమీదనుంచి కళ్ళు తిప్పే అలవాటు ఆయనకు లేదు. చూపు ముందే ఉంచి, నిదానంగా అన్నారు.

"ఒరేయ్, ఆ దిండు అణిగిపోయింది. బసవమ్మకి చెప్పి కొత్త దూది పెట్టించు. మిల్లునుంచి మంచిది తెచ్చుకో."

దూది పింజలు అద్దానికి తగిలి పోతున్నాయి. చాలా దూరం అలాగే వచ్చారు. చిలకలూరిపేట శివార్లలో లారీ ఒక మిల్లు గేటులోకి తిరిగింది. ఒక్కసారిగా రోడ్డంతా తెరుచుకుంది. ఇప్పుడు ఎడమవైపు కూర్చున్నవాడికి కూడా కనబడుతోంది. ఎదురుగా ఏమీ లేదు.

"ఇప్పుడైనా అనవేరా" అన్నారాయన.

చెక్‌పోస్టు దగ్గర వీరబాబు చెయ్యి అడ్డం పెట్టాడు. నవ్వుతూ కుడివైపు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"డ్రైవరుగారూ, పొద్దున..."

ఆగిపోయాడు. టోపీ తీశాడు. కిటికీలోనుంచి చెయ్యి పెట్టి బుల్లయ్య మెడ దగ్గర ఆనించి, వెంటనే తీసేశాడు. బుల్లయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. మీసం మీద దూది పింజ ఒకటి వాలి ఉంది. అది కదలడం లేదు.

"సార్" అన్నాడు వీరబాబు. "ఇంజను ఆపండి సార్."

వెంకటనారాయణ గారు అప్పుడు తల తిప్పారు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఇంజను ఆపాలని తెలుసు, తాళంచెవి ఎక్కడుందో ఆయనకు తోచలేదు. షెవర్లే ఎప్పటిలాగే సమంగా తిరుగుతూ ఉంది. వీరబాబే ఎడమవైపుకి వచ్చి, వంగి తాళం తిప్పాడు.

ఎవరో ఆటో పిలుస్తామన్నారు. "దించకండి, నేను తీసుకెళ్తాను" అన్నారు వెంకటనారాయణ గారు. చెక్‌పోస్టు నుంచి బుల్లయ్య ఇంటి సందుదాకా వీరబాబు లాఠీ ఊపుతూ కారు ముందు నడిచాడు. కారు అతని వెనక, అతని నడక వేగంతోనే పోయింది.

బసవమ్మ గుమ్మంలోనే ఉంది. చూసింది. అరవలేదు. కారు దగ్గరికి వచ్చి భర్త నుదురు మీద చెయ్యి వేసి, చెమట లేదని చూసుకుంది.

"నాకేమైనా చెప్పమన్నాడా అయ్యగారూ?"

"ఏమీ అనలేదమ్మా" అన్నారాయన. ఆ మాట అన్నాక, దాని అర్థం ఆయనకే తట్టి, తలుపు పట్టుకుని నిలబడిపోయారు.

నలుగురూ కలిసి బుల్లయ్యను లోపలికి మోసుకుపోయారు. షెవర్లే వాకిట్లోనే ఉండిపోయింది, ఎడమ తలుపూ కుడి తలుపూ తెరిచే ఉన్నాయి. కుడివైపు సీట్లో గళ్ళచీర దిండు, మధ్యలో ఒక మనిషి కూర్చున్నంత గుంటతో, ఆ గుంటలో దారిలో వచ్చి చేరిన కాస్త దూదితో, అలాగే ఉంది.